పాత సీరియళ్ల మీద ప్రశ్న కట్టడం: ‘హమ్ లోగ్’ నుంచి ‘అమృతం’ దాకా

(క్విజ్ ప్రశ్నలు తయారుచేసేవారి కోసం చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

సైన్సు ప్రశ్న రాయాలంటే పుస్తకం తిరగేస్తాం. చరిత్ర ప్రశ్నకు తేదీ ఒకటికి రెండుసార్లు సరిచూస్తాం. పాత టీవీ సీరియళ్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం గుర్తున్నది గుర్తున్నట్టు రాసేస్తున్నాం. హాల్లో కూర్చున్నవాళ్లంతా ఆ సీరియల్ చూసినవాళ్లే. ప్రతి ఒక్కరికీ తమ జ్ఞాపకం మీద గట్టి నమ్మకం. మీ కార్డు మీద ఒక జవాబు ఉంటుంది, బజర్ నొక్కిన మనిషి ఇంకొకటి చెబుతాడు, తీరా చూస్తే ఇద్దరూ ఒప్పే. ఆ పరిస్థితి రాకూడదు. జవాబు మనకు తెలిసినంత మాత్రాన సరిపోదు. ఇంకో జవాబు దూరే సందు లేకుండా ప్రశ్న కట్టాలి. ఆ సందులు ఎక్కడెక్కడ ఉంటాయో ఇవాళ దూరదర్శన్ కాలం ఉదాహరణలతోనే చెబుతాను.

అన్నిటికంటే ప్రమాదకరమైన మాట ‘మొదటి’. ‘భారతదేశంలో టీవీ ఎప్పుడు మొదలైంది?’ అని అడిగితే 1959 సెప్టెంబర్ 15 అంటారు. ఢిల్లీలో ప్రయోగాత్మక ప్రసారం ఆ రోజునే మొదలైంది. కానీ రోజువారీ ప్రసారం 1965లో వచ్చింది. ఆకాశవాణి నుంచి విడిపోయి దూరదర్శన్ సొంత సంస్థగా నిలబడింది 1976 ఏప్రిల్ 1న. జాతీయ ప్రసారం, దానితోపాటు రంగులు 1982 ఆగస్టు 15న వచ్చాయి. ఇవన్నీ ఏదో ఒక అర్థంలో ‘మొదలే’. కాబట్టి ‘ప్రయోగాత్మక ప్రసారం’ అనో, ‘రంగుల్లో జాతీయ ప్రసారం’ అనో ప్రశ్నలోనే ఉండాలి.

మన దగ్గరికే వద్దాం. ‘తెలుగువాళ్లు తెలుగులో టీవీ కార్యక్రమాలు చూడటం హైదరాబాద్ కేంద్రంతో 1977లో మొదలైంది’ అని చాలామంది రాస్తారు. హైదరాబాద్ కేంద్రం 1977లో వచ్చిన మాట నిజం. కానీ అంతకు రెండేళ్ల ముందే, 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు, ‘సైట్’ అనే ఉపగ్రహ ప్రయోగం నడిచింది. అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 ద్వారా ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు నేరుగా ప్రసారాలు వెళ్లాయి. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి, ఆ భాషల్లో తెలుగు ఒకటి. అంటే మన రాజధాని కంటే ముందు మన పల్లెలు తెలుగు టీవీ చూశాయి. ఎంత మంచి ప్రశ్న ఇది! దీన్ని వదిలేసి ‘హైదరాబాద్ కేంద్రం ఏ సంవత్సరంలో?’ అని అడగడం నాకు అన్యాయం అనిపిస్తుంది.

‘హమ్ లోగ్’ 1984 జూలై 7న మొదలైంది. దాన్ని ‘మొదటి టీవీ కార్యక్రమం’ అనకూడదు. రైతుల కోసం ‘కృషి దర్శన్’ 1967 జనవరి 26 నుంచే వస్తోంది. ‘మన దేశపు మొదటి సోప్ ఒపేరా’ అంటే నిలబడుతుంది. మెక్సికోలో మిగెల్ సబీదో అనే నిర్మాత కథల ద్వారా సామాజిక విషయాలు చెప్పే పద్ధతి ఒకటి తయారుచేశాడు. మనవాళ్లు ఆ పద్ధతి చూసి వచ్చాకే ఇక్కడ ఈ ఆలోచన పుట్టింది. మొదట్లో కుటుంబ నియంత్రణ పాఠం మరీ ఎక్కువై జనం మొహం తిప్పుకున్నారు. రచయిత మనోహర్ శ్యామ్ జోషి కథను కుటుంబం వైపు మళ్లించాక సీరియల్ నిలదొక్కుకుంది. ప్రతి ఎపిసోడ్ చివర అశోక్ కుమార్ వచ్చి మాట్లాడేవారు. ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. నానమ్మ వేషం వేసిన సుష్మా సేఠ్, మనవరాలు మఝ్లీగా వేసిన దివ్యా సేఠ్ నిజజీవితంలో తల్లీకూతుళ్లు.

ఇక లెక్కలు. ఎపిసోడ్ల సంఖ్య అడగాలంటే చాలా జాగ్రత్త కావాలి. ‘హమ్ లోగ్’ ఎపిసోడ్లు కొన్ని చోట్ల 154 అని, కొన్ని చోట్ల 156 అని కనిపిస్తాయి. అలాంటప్పుడు ఆ సంఖ్యనే జవాబుగా పెట్టకండి. ‘మాల్గుడి డేస్’ది ఇంకో రకం చిక్కు. శంకర్ నాగ్ తీసినవి 39. ఆయన 1990లోనే మరణించారు. 2006లో కవితా లంకేశ్ దర్శకత్వంలో మరో 15 వచ్చాయి. అందుకని ఒకరు 39 అంటారు, ఇంకొకరు 54 అంటారు. ప్రశ్నలో ‘శంకర్ నాగ్ దర్శకత్వంలో’ అన్న రెండు మాటలు చేర్చండి, తగాదా పోతుంది. షూటింగ్ ఎక్కడ అని అడిగితే శివమొగ్గ జిల్లా ఆగుంబె. బొమ్మలు ఎవరివి అంటే ఆర్.కె. లక్ష్మణ్‌వి. వీటిలో సందు లేదు.

వారానికి ఒకసారి వచ్చిన సీరియల్ అయితే మీకు మీరే సరిచూసుకునే మార్గం ఒకటుంది. క్యాలెండర్ తీసి వారాలు లెక్కపెట్టండి. రామానంద్ సాగర్ ‘రామాయణ్’ 1987 జనవరి 25న మొదలై 1988 జూలై 31న ముగిసింది. రెండూ ఆదివారాలే. మొదటిదీ చివరిదీ కలిపితే 80 ఆదివారాలు. ఎపిసోడ్లు 78, అంటే ఆదివారాలకు మించలేదు. కాబట్టి తేదీలు, సంఖ్య ఒకదానితో ఒకటి పొసుగుతున్నాయి. ఆ 78 కూడా ముందు అనుకున్నది కాదు. 52తో ముగించాలనుకుని తర్వాత పొడిగించారు.

ఇదే లెక్క ‘మహాభారత్’కు వేయండి. 1988 అక్టోబర్ 2న మొదలైంది, ఆదివారమే. ముగింపు 1990 జూన్ 24 అని చాలాచోట్ల ఉంటుంది, పక్కనే ఎపిసోడ్లు 94 అని కూడా ఉంటుంది. ఆ రెండు తేదీల మధ్య ఉన్నవి 91 ఆదివారాలే! వారానికొకటి చొప్పున 94 ఎలా పడతాయి? మరికొన్ని చోట్ల ముగింపు 1990 జూలై 15 అని ఉంటుంది. అక్కడిదాకా లెక్కపెడితే సరిగ్గా 94 ఆదివారాలు వస్తాయి. కాబట్టి 94 అడగండి, అందులో ఇబ్బంది లేదు. మొదటి తేదీ అడగండి, గాంధీ జయంతి అని సూచన కూడా ఇవ్వొచ్చు. ముగింపు తేదీ మాత్రం ఆ రోజుల దినపత్రికలో కార్యక్రమాల పట్టిక కళ్లారా చూశాకే అడగండి.

పత్రిక పట్టికలోనూ ఒక మెలిక ఉంది. అది ముందు రోజే అచ్చయ్యేది. ఏ జాతీయ నాయకుడో మరణించినా, ప్రత్యక్ష ప్రసారం అడ్డొచ్చినా పట్టికలో ఉన్న కార్యక్రమం రాదు. అందుకే ఆ రోజు పత్రికతో ఆగకుండా తర్వాతి రోజుదీ చూడండి. ఇంటర్నెట్‌లో పెట్టిన వీడియోల నంబర్లను అసలే నమ్మకండి. టైటిల్స్ కత్తిరిస్తారు, ‘గతవారం కథ’ తీసేస్తారు, రెండు భాగాలు కలిపి ఒకటి చేస్తారు. అలాంటి జాబితాలో 40వ వీడియో 1980లలో ప్రసారమైన 40వ ఎపిసోడ్ అవుతుందన్న హామీ లేదు. టైటిల్స్ మిగిలిన వీడియో దొరికితే మాత్రం అదే బంగారం. పేర్ల దగ్గర ఆపి చదవండి. ఎవరు ఏ పని చేశారన్నదానికి తెర మీది పేరుకు మించిన సాక్ష్యం లేదు.

నటీనటుల దగ్గరికి వద్దాం. ఇక్కడ వచ్చే పెద్ద పొరపాటు, పాత్ర పేరు చెప్పి సీరియల్ పేరు చెప్పకపోవడం. ‘దూరదర్శన్‌లో కృష్ణుడి వేషం వేసిందెవరు?’ అని అడిగారనుకోండి. బి.ఆర్. చోప్రా ‘మహాభారత్’లో నితీశ్ భరద్వాజ్. రామానంద్ సాగర్ ‘శ్రీకృష్ణ’లో పెద్ద కృష్ణుడు సర్వదమన్ బెనర్జీ, కుర్ర కృష్ణుడు స్వప్నిల్ జోషి. మూడూ ఒప్పే. అదే ప్రశ్నను ఇలా తిప్పండి: ‘1986 తెలుగు సినిమా సిరివెన్నెలలో అంధుడైన వేణుగాన విద్వాంసుడిగా నటించి, తర్వాత బుల్లితెర మీద మురళీధరుడైన నటుడెవరు?’ ఇక జవాబు సర్వదమన్ బెనర్జీ ఒక్కరే. చూడండి, సందు మూసుకుంది, వినేవాళ్ల ముఖాల్లో వెలుగూ వచ్చింది. తెలుగు శ్రోతలకు ఇంతకన్నా దగ్గరి దారి ఏముంటుంది?

స్వప్నిల్ జోషి మీద ఇంకో మాట. ఆయన కుశుడి వేషం కూడా వేశారు. కానీ ‘రామాయణ్‌లో కుశుడు ఎవరు?’ అని అడిగితే ప్రశ్నే తప్పు. 1988 జూలైలో ముగిసిన ‘రామాయణ్’ పట్టాభిషేకంతో ఆగిపోయింది. ఉత్తరకాండ కూడా చూపించాలని జలంధర్‌లో పారిశుద్ధ్య కార్మికులు సమ్మె చేశారు. వాల్మీకిని తమవాడిగా కొలిచే సమాజం వారిది, వాల్మీకి పాత్రకు కథలో ప్రాధాన్యం వచ్చేది ఉత్తరకాండలో. తర్వాత అది వేరే సీరియల్‌గా వచ్చింది. లవకుశులు ఉన్నది అందులోనే.

‘మహాభారత్’ తారాగణం అయితే ప్రశ్నల గని. భీముడిగా వేసిన ప్రవీణ్ కుమార్ సోబ్తీ 1966, 1970 ఆసియా క్రీడల్లో స్వర్ణ పతకాలు గెలిచిన క్రీడాకారుడు. రెండు ఒలింపిక్స్‌లో పాల్గొన్నారు, 1968లో, 1972లో. ఇక్కడ జరిగే తప్పేమిటంటే, ఆయన హ్యామర్ కూడా విసిరేవారు కాబట్టి ఆ స్వర్ణాలు హ్యామర్‌లో వచ్చాయని రాసేస్తారు. స్వర్ణాలు డిస్కస్‌లో వచ్చాయి. హ్యామర్‌లో వచ్చింది 1966 కామన్వెల్త్ క్రీడల రజతం. అర్జునుడిగా వేసిన నటుడి అసలు పేరు ఫిరోజ్ ఖాన్, తర్వాత అర్జున్ అన్న పేరే ఆయనకు స్థిరపడిపోయింది. ఇదే పేరుతో సినిమాల్లో చాలా పెద్ద నటుడు ఇంకొకరున్నారు, కాబట్టి ‘ఫిరోజ్ ఖాన్’ అని వినగానే కంగారుపడి మార్కులు కోసేయకండి. కథ చెప్పే ‘కాలం’ గొంతు హరీశ్ భీమానీది. సంభాషణలు రాహీ మాసూమ్ రజా రాశారు. టైటిల్ పాట పాడింది మహేంద్ర కపూర్.

శకుని మీద నేను కట్టే ప్రశ్న ఇలా ఉంటుంది: ‘ఈ సీరియల్‌కు నటుల ఎంపిక కూడా చూసిన ఈయన తమ్ముడు ఇందులోనే శిఖండిగా వేశాడు. ఈయన పాచికలు వేశాడు. ఎవరు?’ గుఫీ పెయింటల్. ఇందులో వరస గమనించండి. బాగా తెలిసినవాళ్లకు మొదటి ముక్కలోనే జవాబు దొరకాలి, కొంచెం తెలిసినవాళ్లకు రెండోదాంట్లో, మిగతావాళ్లకు పాచికల దగ్గర. పాచికలు ముందు పెట్టారంటే మిగతా ప్రశ్న ఎవరూ వినరు. ఇంకో జాగ్రత్త ఏమిటంటే, బజర్ ఎక్కడైనా మోగొచ్చు. కాబట్టి మొదటి ముక్క కూడా ఒక్కరికే సరిపోవాలి. ‘ఇందులో నటించిన ఒక ప్రముఖుడు...’ అంటూ మొదలుపెట్టిన ప్రశ్నలో ఆ ముక్క వృథా. మొత్తం ముప్పై మాటలు దాటకుండా చూసుకోండి. అంతకు మించితే చదివేటప్పుడు మొదట్లో చెప్పింది వినేవాళ్లకు గుర్తుండదు.

ఇప్పుడు కాలం చెల్లే ప్రశ్నల గురించి. ‘రామాయణ్ నటుల్లో లోక్‌సభకు ఎన్నికైనవారెవరు?’ చాలా ఏళ్లపాటు దీనికి జవాబు ఇద్దరే. 1991లో సీత దీపికా చిఖలియా బరోడా నుంచి, రావణుడు అరవింద్ త్రివేది సబర్‌కాంఠా నుంచి గెలిచారు. 2024లో రాముడు అరుణ్ గోవిల్ మీరట్ నుంచి గెలిచాక పాత కార్డులన్నీ తప్పయిపోయాయి. హనుమంతుడు దారా సింగ్ 2003లో రాజ్యసభకు వెళ్లింది నామినేషన్ మీద. కాబట్టి ‘ఎన్నికైన’, ‘నామినేట్ అయిన’, ‘పార్లమెంటులో అడుగుపెట్టిన’ అనే మాటలు జాగ్రత్తగా వాడండి, ఒక్కోదానికి ఒక్కో జాబితా వస్తుంది. ‘మహాభారత్’ నుంచి నితీశ్ భరద్వాజ్ 1996లో జంషెడ్‌పూర్ నుంచి ఎన్నికయ్యారు, ద్రౌపది రూపా గంగూలీ 2016లో రాజ్యసభకు నామినేట్ అయ్యారు. ఎప్పటికీ పాతబడని ప్రశ్న కావాలంటే ‘పదో లోక్‌సభలో కలిసి కూర్చున్న రామాయణ్ జంట వైరులెవరు?’ అని అడగండి. సీత, రావణుడు. ఆ జవాబును ఇక ఏ ఎన్నికా మార్చలేదు.

(సభలోంచి ఒకరు: రామాయణ్‌కు ప్రపంచ రికార్డు ఉందంటారు కదా, అది అడగవచ్చా?)

మంచి ప్రశ్న అడిగారు. లాక్‌డౌన్‌లో, 2020 మార్చి 28 నుంచి, ‘రామాయణ్’ మళ్లీ వేశారు. ఏప్రిల్ 16న 7.7 కోట్ల మంది చూశారనీ, ప్రపంచంలో అత్యధికులు చూసిన వినోద కార్యక్రమం ఇదేననీ దూరదర్శన్ ప్రకటించింది. కానీ అమెరికాలో ‘మాష్’ సీరియల్ చివరి ఎపిసోడ్‌ను 1983 ఫిబ్రవరి 28న సుమారు 10.6 కోట్ల మంది చూశారని అంచనా. ఆ ఒక్క లెక్కతోనే ప్రపంచ రికార్డు మాట నిలబడదు. కాబట్టి ‘ప్రపంచ రికార్డు సాధించిన’ అని రాయకండి. ‘2020 ఏప్రిల్ 16న 7.7 కోట్ల మంది చూశారని దూరదర్శన్ ప్రకటించిన పునఃప్రసారం ఏది?’ అనండి. ఎవరు అన్న మాటో చెబితే ఆ మాట భారం వాళ్లదే అవుతుంది. ముప్పై ఏళ్ల తర్వాత మళ్లీ వేసిన సీరియల్‌ను కోట్లమంది చూడటమే గొప్ప. దానికి అబద్ధపు కిరీటం అక్కర్లేదు.

షారుఖ్ ఖాన్ ‘మొదటి సీరియల్’ ప్రశ్న కూడా ఇలాంటిదే. ముందు చేరింది లేఖ్ టాండన్ ‘దిల్ దరియా’లో, ముందు ప్రసారమైంది 1989లో ‘ఫౌజీ’. ‘తెర మీద ముందు కనిపించిన’ అని రాస్తే సరిపోతుంది.

అడగకూడనివీ కొన్ని ఉన్నాయి. ‘ది స్వోర్డ్ ఆఫ్ టిప్పు సుల్తాన్’ చిత్రీకరణలో 1989 ఫిబ్రవరి 8న మైసూరు స్టూడియోలో మంటలు లేచి 62 మంది చనిపోయారు. నటుడు, దర్శకుడు సంజయ్ ఖాన్ తీవ్రంగా కాలిపోయారు. వదులుగా వేలాడిన కరెంటు తీగలు, గాలి ఆడని ఫ్లోరు, గోడలకు కట్టిన గోనె పట్టాలు, పెద్ద దీపాల వేడి, మంటలార్పే సామగ్రి లేకపోవడం, ఇవన్నీ కలిసి వచ్చాయి. సీరియల్ చరిత్ర చెప్పేటప్పుడు ఇది తప్పక చెప్పాలి. స్టూడియో భద్రత గురించి మాట్లాడేటప్పుడు ఇంకా వివరంగా చెప్పాలి. కానీ బజర్ రౌండ్‌లో ‘ఎంతమంది?’ అని అడిగి, సరైన జవాబుకు చప్పట్లు కొట్టించవద్దు. దయచేసి వద్దు.

మిగతావి త్వరగా చెబుతాను. ‘యే జో హై జిందగీ’లో సతీశ్ షా ఎపిసోడ్‌కో వేషం వేశారు, కాబట్టి ఆయన పాత్ర పేరు అడగకండి. ‘తమస్’లో దానికి మూలమైన నవల రాసిన భీష్మ్ సాహ్నీ స్వయంగా నటించారు, అది చక్కటి ప్రశ్న. ‘చాణక్య’ తీసిన చంద్రప్రకాశ్ ద్వివేదీయే చాణక్యుడిగానూ వేశారు. ‘తెనాలి రామ’లో మన వికటకవిగా కనిపించింది విజయ్ కశ్యప్, దర్శకుడు టి.ఎస్. నాగాభరణ. ‘శక్తిమాన్’ను 1997 సెప్టెంబర్ 13 నుంచి చూసిన పిల్లలకు గంగాధర్ పూర్తి పేరు ఇప్పటికీ నోటికొస్తుంది: పండిత్ గంగాధర్ విద్యాధర్ మాయాధర్ ఓంకారనాథ్ శాస్త్రి. ఎంత వరకు చెబితే మార్కులిస్తారో ముందే కార్డు మీద రాసుకోండి.

కార్డు మాట వచ్చింది కాబట్టి, దాని వెనక మూడు సంగతులు ఉండాలి. ఒప్పుకునే జవాబు, ఒప్పుకోని జవాబు, ‘ఇంకొంచెం వివరంగా చెప్పండి’ అనాల్సిన జవాబు. దీనికి మన ‘అమృతం’ కంటే మంచి ఉదాహరణ లేదు. 2001లో జెమిని టీవీలో మొదలైన ఈ సీరియల్‌లో ఆంజనేయులు ఎవరంటే గుండు హనుమంతరావు, వేరే మాట లేదు. అమృతరావు ఎవరంటే ముగ్గురున్నారు. శివాజీ రాజా, నరేశ్, హర్షవర్ధన్. ‘మొదట వేసిన’ అని అడిగితే కార్డు మీద శివాజీ రాజా పేరు ఉండాలి, మిగతా ఇద్దరి పేర్లు ‘ఒప్పుకోనివి’ కింద ఉండాలి. ‘ఈ పాత్ర వేసినవారిలో ఒకరిని చెప్పండి’ అంటే ముగ్గురివీ ఒప్పుకోవాలి. ఆ నిర్ణయం వేదిక మీద తీసుకుంటే ఎవరో ఒకరికి అన్యాయం జరుగుతుంది, ఇంట్లోనే తీసుకుని రావాలి. టైటిల్ పాట రాసింది సిరివెన్నెల సీతారామశాస్త్రి. ఇందాక చెప్పిన సర్వదమన్ బెనర్జీ సినిమాతోనే ఆయనకు ఆ ఇంటిపేరు వచ్చింది. ఈ రెండింటినీ కలిపి ఒకే ప్రశ్న కట్టొచ్చు: ‘దూరదర్శన్ శ్రీకృష్ణుడు కథానాయకుడైన సినిమా పేరే ఇంటిపేరుగా మారిన ఏ కవి, అమృతం టైటిల్ పాట రాశారు?’

(సభలోంచి మరొకరు: రెండు జట్లకు సమానంగా మార్కులు వస్తే చివర ఏం అడగాలి?)

అంకె అడగండి, దగ్గరగా చెప్పినవాళ్లకు ఇవ్వండి. రెండు జట్లూ కాగితం మీద రాసి ఒకేసారి ఇవ్వాలి. నోటితో చెప్పిస్తే రెండో జట్టు మొదటి అంకెకు ఒకటి కలిపి చెప్పేస్తుంది. అంకె కూడా వివాదం లేనిదై ఉండాలి, కాబట్టి ‘హమ్ లోగ్’ వద్దు. శ్యామ్ బెనెగల్ ‘భారత్ ఏక్ ఖోజ్’ ఎపిసోడ్లు అడగండి. ఏడాదికి 52 వారాలు కదా అని చాలామంది 52 రాస్తారు. సరైన సంఖ్య 53.